గాజు వెనక ఖడ్గధారి: ట్రాన్సిల్వేనియా పల్లె పద్ధతిలో మిఖాయేలు ఐకాన్ వేయడం ఎలా

కాన్వాస్ మీద బొమ్మ వేసేవాళ్లు ముందు ఆకాశం పూస్తారు, తర్వాత మనిషిని నిలబెడతారు, చిట్టచివర కంట్లో తెల్లచుక్క పెడతారు. గాజు మీద ఇదంతా తలకిందులు. కంట్లో చుక్కే మొదట పడాలి, ఆకాశం ఆఖర్న రావాలి. రంగులు గాజు వెనకవైపు వేస్తాం, చూసేవాళ్లు ముందువైపు నుంచి చూస్తారు. కాబట్టి మొదట పడ్డ గీతే అన్నిటికంటే ముందుంటుంది, తర్వాత పూసినదంతా దాని వెనక్కి వెళ్లిపోతుంది. దిద్దుకునే అవకాశం దాదాపు ఉండదు. ఈ వరస తలకెక్కితే చేతికి పెద్ద నైపుణ్యం లేకపోయినా ఐకాన్ (తూర్పు క్రైస్తవుల పూజాచిత్రం) వస్తుంది. వరస పట్టుబడకపోతే మంచి చిత్రకారుడికీ రాదు.

ఇక్కడ చెప్పబోయేది రొమేనియాలోని ట్రాన్సిల్వేనియా రైతులు 18, 19 శతాబ్దాల్లో వేసిన గాజు ఐకాన్ల పద్ధతి. అంశం ప్రధాన దేవదూత మిఖాయేలు: రోమన్ సైనికుడి కవచం, ఎర్ర అంగవస్త్రం, ఎత్తిన ఖడ్గం, కాళ్ల కింద దయ్యం.

ముందు కొంచెం కథ

క్లుజ్ జిల్లాలో గెర్లా పట్టణానికి దగ్గర్లో నికుల అనే చిన్న ఊరుంది. అక్కడి చర్చిలో మరియమ్మ, బాలయేసుల చెక్క ఐకాన్ ఒకటుంది. దాన్ని 1681లో ఇక్లోద్ ఊరి చర్చి గురువు లూకా వేశాడంటారు. 1699 ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆ ఐకాన్ కళ్ల వెంట నీళ్లు కారాయన్న వార్త పాకింది. యాత్రికులు రావడం మొదలైంది. వచ్చినవాళ్లకు ఇంటికి తీసుకెళ్లడానికి ఏదో ఒకటి కావాలి కదా. చెక్క మీద బంగారపు రేకుతో వేసే ఐకాన్ రైతు కొనగలిగేది కాదు. గాజు వెనక బొమ్మలు వేసే విద్య అప్పటికే బొహీమియా, బవేరియా, ఆస్ట్రియా ప్రాంతాల్లో ఉంది. ట్రాన్సిల్వేనియా అప్పుడు ఆస్ట్రియాను ఏలే హాబ్స్‌బర్గ్ రాజవంశం పాలనలో ఉండటంతో అది ఇటువైపు రావడానికి అడ్డేమీ లేకపోయింది. చుట్టుపక్కల బట్టీల్లో ఊదిన పల్చటి, ఎగుడుదిగుడు గాజు చవగ్గా దొరికేది. అలా నికులలో కుటుంబాలకు కుటుంబాలే ఈ పనిలోకి దిగాయి. పొలం పని లేని రోజుల్లో వేయడం, తర్వాత ఊరూరా తిరిగి అమ్ముకోవడం. పక్కనే ఉన్న హష్దాతెలో ఇవే బొమ్మలను చెక్క అచ్చులతో కాగితం మీద ముద్రించేవాళ్లు.

వీటిని ఆర్థడాక్స్ (పోప్ అధికారాన్ని ఒప్పుకోని తూర్పు చర్చి) ఐకాన్లు అనేస్తాం గానీ, చరిత్ర అంత సూటిగా లేదు. 1700 ప్రాంతంలో ట్రాన్సిల్వేనియా రొమేనియన్లలో చాలామంది తూర్పు ఆరాధన పద్ధతి నిలుపుకుంటూనే రోమ్‌తో ఏకమై గ్రీక్ కాథలిక్కులయ్యారు. నికుల మఠం కూడా 1948 వరకు వాళ్లదే, ఆ తర్వాతే ఆర్థడాక్స్ చేతికొచ్చింది. బొమ్మల సంప్రదాయం మాత్రం రెండు వైపులా తూర్పు సంప్రదాయమే.

నికుల నుంచి ఈ పని దక్షిణాన ఫగరాష్, బ్రషోవ్, సిబియు ప్రాంతాలకు పాకింది. ఆర్పాష్‌లో పనిచేసిన సావు మోగ (1816–1899) వంటి వారి చేతిలో గీత సన్నబడింది, రంగులు లోతెక్కాయి. కానీ మొదటిసారి వేసేవాళ్లు మోగ జోలికి వెళ్లొద్దు. నికుల పనివాళ్ల మొరటు గీతే మీకు గురువు. మంచి నమూనాలు చూడాలంటే సిబియు దగ్గరి సిబియెల్ గ్రామంలోని మ్యూజియం సేకరణ ఫొటోలు వెతకండి. కమ్యూనిస్టు జైళ్లలో ఏళ్ల తరబడి మగ్గి బయటికొచ్చిన జోసిమ్ ఓంచ్య అనే గురువు ఆ ఊరికొచ్చి, ఇళ్లలోని పాత ఐకాన్లను ఇమ్మని అడిగి, 1969లో మొదలుపెట్టిన మ్యూజియం అది. ఇప్పుడక్కడ దాదాపు 600 గాజు ఐకాన్లున్నాయి.

మన దగ్గర తంజావూరు గాజు చిత్రాలు చూసినవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. ఆ పటాలు వేసినవాళ్లలో తెలుగు మాట్లాడే రాజు కులస్థుల కుటుంబాలూ ఉన్నాయి. వెనక నుంచి వేయడం, వివరాలు ముందు, పూతలు తర్వాత అనే సూత్రం రెండింటికీ ఒకటే.

సామాన్లు

గాజు: ఫొటోలకు ఫ్రేములు కట్టే షాపులో 2 మిల్లీమీటర్ల మామూలు గాజు, 25 × 30 సెంటీమీటర్లకు కోయించుకోండి. మెరుపు తగ్గించిన గరుకు గాజు వద్దు, రంగు మసకగా కనిపిస్తుంది. ఒకటి కాదు, రెండు ముక్కలు కోయించండి. రెండోది గీతల సాధనకు.

గీతకు: నీటికి కరగని నల్ల ఇండియన్ ఇంక్, సిరాలో ముంచి రాసే నిబ్బు కలం, 0 లేదా 1 నంబరు పొడవు కుచ్చు బ్రష్. రంగుకు: ట్యూబుల్లో దొరికే ఆయిల్ కలర్లు. వర్మిలియన్ ఎరుపు, అల్ట్రామరీన్ నీలం, ఎల్లో ఓకర్, ఒక మట్టి ఆకుపచ్చ, బర్న్ట్ సియెన్నా, తెలుపు, నలుపు. ఏడు చాలు. పాత పనివాళ్లకు ఇన్ని కూడా లేవు. దీపపు మసి నలుపు, మట్టి రంగులు, ఇంగిలీకం, కొంచెం నీలం. వాటిని గుడ్డు సొనతోనో వజ్రం జిగురుతోనో అవిసె నూనెతోనో కలుపుకునేవాళ్లు.

ఇవి కాక టర్పెంటైన్, శుభ్రం చేయడానికి స్పిరిట్, ఒక జిలటిన్ క్యాప్సూల్, బంగారు రేకును అంటించే గోల్డ్ సైజ్ వార్నిష్ చిన్న సీసా, బంగారు రంగు రేకుల పుస్తకం, సగానికి విరిచిన బ్లేడు, ట్రేసింగ్ పేపర్.

అక్రిలిక్‌తో చేయకూడదా అని అడుగుతారు. చేయొచ్చు, గంటల్లో ఆరిపోతుంది. కానీ నున్నటి గాజు మీద అక్రిలిక్ పొరలా ఏర్పడి, గోరు తగిలితే తొక్కలా లేచొస్తుంది. ఇండియన్ ఇంక్ మీద ఆయిల్ కలర్ వేయడంలో ఇంకో లాభం ఉంది. ఆ ఇంకులో ఉండే లక్క టర్పెంటైన్‌కు కరగదు. అందుకే పైన ఎంత రంగు పూసినా కింది గీత చెదరదు. స్పిరిట్‌కు మాత్రం కరుగుతుంది. గీత పడ్డాక స్పిరిట్ సీసా మూతపెట్టి దూరంగా పెట్టేయండి.

కాగితం మీదే యుద్ధం గెలవాలి

పాత పనివాళ్ల దగ్గర ప్రతి అంశానికీ ఒక నమూనా కాగితం ఉండేది. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే ఆ కాగితాన్ని గాజు కింద పెట్టి గీత లాగేవాళ్లు. మీరూ ఒకటి తయారు చేసుకోండి. పెన్సిల్‌తో కొలతలు ఇలా పెట్టుకోవచ్చు. అంచు చుట్టూ రెండు సెంటీమీటర్లు బార్డరుకు వదలండి. బొమ్మ ఎత్తు 20 సెంటీమీటర్లు, తల 4. అంటే మనిషి ఐదు తలల ఎత్తే. అసలు మనిషి ఏడు తలలకు పైనే ఉంటాడు, కానీ ఇక్కడ తల పెద్దదిగానే ఉండాలి. కళ్లు దూరం నుంచి కనిపించాలి. తల చుట్టూ తేజోవలయం 7 సెంటీమీటర్ల వెడల్పు. కాంపస్‌తో గీయండి, చేత్తో వద్దు.

మిఖాయేలు మనకేసి ఎదురుగా నిలబడతాడు. కుడిచేతిలో ఎత్తిన ఖడ్గం, ఎడమచేతిలో త్రాసు. రెక్కలు భుజాల దగ్గర మొదలై మోకాళ్ల దాకా దిగుతాయి. మోకాళ్ల పైకి పొట్టి అంగీ, దాని మీద కవచం, మెడ దగ్గర ముడివేసిన ఎర్ర వస్త్రం, కాళ్లకు సైనికుడి జోళ్లు. ప్రకటన గ్రంథం 12వ అధ్యాయంలో ఆయన ఘటసర్పంతో పోరాడతాడు, అందుకే సైనికుడి వేషం. త్రాసు ఆత్మలను తూచడానికి. తూర్పు సంప్రదాయంలో కాళ్ల కింద ఒక్కోచోట దయ్యం ఉంటుంది, ఒక్కోచోట మరణశయ్య మీది ధనికుడుంటాడు, అతని ప్రాణం పసిబిడ్డలా దూత చేతిలో ఉంటుంది. మొదటి ఐకాన్‌కు దయ్యమే మేలు. నల్లగా, చిన్నగా, కొమ్ములతో, నాలుక బయటపెట్టి ఉంటే సరిపోతుంది. ఒకే రంగులో అయిపోతుంది. భయంకరంగా వేయాలని తాపత్రయపడొద్దు. పల్లె ఐకాన్లలో దయ్యం భయపెట్టేవాడు కాదు, ఓడిపోయినవాడు.

రష్యన్ సంప్రదాయంలో ఇంకో మిఖాయేలు ఉన్నాడు. ఎర్రటి రెక్కల గుర్రం మీద, నోట బాకా, చేతుల్లో ఈటె, సువార్త గ్రంథం, ధూపపాత్ర, తల మీదుగా ఇంద్రధనుస్సు. చూడ్డానికి అద్భుతం, రష్యన్ చర్చి సంస్కరణలను ఒప్పుకోని 'పాత విశ్వాసుల' ఇళ్లలో ఎంతో ప్రియమైన రూపం. చేయి తిరిగాక దాని సంగతి చూద్దాం.

ఇప్పుడు అసలు చిక్కు. మీ కాగితాన్ని ఉన్నదున్నట్టుగా గాజు కింద పెట్టి గీస్తే, గాజు తిప్పగానే బొమ్మ అద్దంలోలా తారుమారవుతుంది. ఖడ్గం ఎడమచేతికి పోతుంది. పాత ఐకాన్లలో ఎడమచేతి వాటం యోధులు కొందరు కనిపించేది ఇందుకే. దీనికి విరుగుడు తేలిక. బొమ్మను ట్రేసింగ్ పేపర్ మీదకు ఎత్తండి, ఆ పేపర్‌ను బోర్లించండి, వెనక వైపు కనిపించే బొమ్మ మీద గాజు పెట్టండి. బోర్లించిన కాగితంలో ఖడ్గం మీ కుడివైపు ఉండాలి. పూర్తయి తిప్పాక అది మీ ఎడమవైపుకి, అంటే ఆయన కుడిచేతికి వస్తుంది. పని మొదలుపెట్టే ముందు కాగితం మూలలో చిన్న ఖడ్గం బొమ్మ వేసి బాణం గుర్తు పెట్టుకుంటే ఎక్కడా తడబడరు.

పేరు రాసే చోటు తేజోవలయానికి రెండు పక్కలా. 19వ శతాబ్దం మధ్య వరకు రొమేనియన్ భాషను సిరిలిక్ అక్షరాల్లో రాసేవాళ్లు, పాత ఐకాన్ల మీద పేర్లు అవే. మీరు తెలుగులో మిఖాయేలు అని రాసుకున్నా ఈ పద్ధతికి విరుద్ధమేమీ కాదు, వాళ్లు రాసిందీ తమ ఇంటి భాషే. తెలుగు అక్షరాల గుండ్రటి కడుపులు చిన్నవిగా ఉంటే ఇంకు కలిసిపోయి పూడిపోతాయి కాబట్టి అక్షరం ఎత్తు 8 మిల్లీమీటర్లకు తగ్గనివ్వకండి.

గాజు సిద్ధం చేయడం

అంచుల పదును తడిపిన ఎమెరీ కాగితంతో తీసేయండి. సబ్బునీళ్లతో కడిగి, ఆరాక స్పిరిట్ గుడ్డతో తుడవండి. ఇక ఆ ముఖాన్ని వేలితో తాకొద్దు. అర లీటరు వేడినీళ్లలో ఒక జిలటిన్ క్యాప్సూల్ కరిగించి, వెడల్పు బ్రష్‌తో ఒక్కసారి పూసి, గాజును వాలుగా నిలబెట్టి ఆరనివ్వండి. కంటికి కనిపించని ఈ పూత ఇంకుకు పట్టునిస్తుంది. గీసేటప్పుడు ఇంకు ముత్యాల్లా విడిపోతోందంటే ఇంకా జిడ్డుందని అర్థం. మళ్లీ మొదటికి రండి.

నల్ల గీత

తెల్ల కాగితం, దాని మీద బోర్లించిన ట్రేసింగ్ పేపర్, దాని మీద గాజు. మూలల్లో టేపు. చేయి గాజుకు ఆనకుండా రెండు పుస్తకాల మీద ఒక చెక్క స్కేలు వంతెనలా పెట్టుకుని దాని మీద మణికట్టు ఆనించండి. కుడిచేతి వాటం వాళ్లు పైన ఎడమ మూల నుంచి మొదలుపెట్టి కిందికి దిగండి, లేకపోతే తడి ఇంకు మీద మీ చేతే పాకుతుంది.

ముందు సన్నటివి: కనుపాపలు, కనురెప్పలు, ముక్కు, పెదవుల మధ్య గీత, వేళ్లు, ఈకల నడిమి గీతలు. ముఖానికి నిబ్బు కలం, బట్టల మడతలకు బ్రష్. ముక్కు, కనుబొమ ఒకే గీతలో రావాలి. మెల్లగా, తడుముకుంటూ గీసిన గీత వణుకుతుంది. ఊపిరి బిగబట్టి ఒక్క లాగున లాగింది కొంచెం పక్కకు పోయినా బతికి ఉంటుంది. సాధన గాజు మీద ఒక పూటంతా కళ్లూ ముక్కే వేయండి, సమయం వృథా కాదు. ఐకాన్‌లో మూడొంతుల బలం ఈ గీతలోనే ఉంది, రంగులు దానికి తోడు మాత్రమే.

తప్పు పడితే తడిగా ఉండగా ముట్టుకోవద్దు. పూర్తిగా ఆరాక బ్లేడు మొనతో గీకేస్తే శుభ్రంగా పోతుంది. అంచు పదునుగానూ వస్తుంది.

నికుల బార్డరు మెలితిప్పిన తాడులా ఉంటుంది. రెండు సమాంతర గీతల మధ్య ఏటవాలు వంపు గీతలు వరసగా లాగితే చాలు. మూలల్లో తాడు ఎటు తిరుగుతుందో కాగితం మీదే తేల్చుకోండి.

మెరుపులు, ఆ తర్వాతే రంగులు

ఇక్కడే కొత్తవాళ్లు ఎక్కువగా తప్పుతారు. గీత అయిపోగానే ఎర్ర వస్త్రం పూసేయాలనిపిస్తుంది. ఆగండి. ఎరుపు మీద కనిపించాల్సినవన్నీ ఎరుపు కంటే ముందు పడాలి. తెల్లరంగుతో కంటి తెలుపు, కవచం మీద చుక్కల వరసలు, ఈకల అంచుల్లో సన్నటి చారలు, ఖడ్గం అంచు మెరుపు, వస్త్రం మడతల మీద రెండు మూడు గీతలు. ఖాళీ చోట్ల చిన్న పువ్వులు కావాలంటే అవీ ఇప్పుడే. పెదవులకు, దయ్యం నాలుకకు వర్మిలియన్. బుగ్గల మీద అదే ఎరుపును వేలి కొసతో అద్ది, అంచులు మసకబారేలా తట్టండి. ఇవన్నీ వేలు ఆనిస్తే అంటనంతగా ఆరాలి. పల్చటి పూత మామూలు రోజుల్లో రెండు మూడు రోజులు, వానాకాలంలో ఇంకా ఎక్కువ. తెలుపు, ఎరుపు నెమ్మదిగా ఆరతాయి.

ఆరాక ముఖం, చేతులు. తెలుపులో కొంచెం ఓకర్, చిటికెడు వర్మిలియన్ కలిపి కళ్లూ బుగ్గలూ పెదవులూ అన్నిటి మీదుగా ఒకేసారి పూసేయండి. వెనక నుంచి చూస్తే ముఖం మొత్తం మాయమైనట్టుంటుంది. కంగారుపడి తుడవొద్దు. గాజు ఎత్తి ముందువైపు చూస్తే అన్నీ ఎక్కడివక్కడ ఉంటాయి. మాటిమాటికీ ఎత్తే పని లేకుండా, గాజును నాలుగు చెక్కముక్కల మీద ఎత్తిపెట్టి కింద ఒక అద్దం పెట్టుకుంటే ముందువైపు ఎప్పుడూ కంటికి కనిపిస్తూనే ఉంటుంది.

మిగతా పూతలు వరసగా:

1. ఎర్ర అంగవస్త్రం, త్రాసు తాళ్లు.
2. నీలం అంగీ, రెక్కల లోపలి సగం.
3. ఓకర్ కవచం, రెక్కల బయటి ఈకలు, బార్డరు తాడులో ఒక పాయ. రెండో పాయ ఎరుపు.
4. జుట్టుకు, జోళ్లకు బర్న్ట్ సియెన్నా.
5. దయ్యానికి నలుపు. కళ్లూ నాలుకా ముందే వేశారు కదా, ఇప్పుడు ఆలోచించకుండా పూసేయొచ్చు.
6. కాళ్ల కింద నేల ఆకుపచ్చ.

రంగు దోసెల పిండి కంటే పల్చగా, మజ్జిగ కంటే చిక్కగా ఉండాలి. టర్పెంటైన్ ఎక్కువైతే వెలుతురుకి పట్టినప్పుడు చిల్లులు కనిపిస్తాయి, అలాంటి చోట ఆరాక రెండో పూత వేయండి. గీత దాటి రంగు పక్కకు పోతే, అది పక్క రంగు ఇంకా పడని చోటైతే మాత్రమే కనిపిస్తుంది. టర్పెంటైన్‌లో ముంచిన దూదిపుల్లతో వెంటనే తీసేయండి.

నీడలు వేయాలన్న కోరికను ఆపుకోండి. మెడ కింద కొంచెం ముదురు, వస్త్రం మడతలో కొంచెం లేత అంటూ మొదలుపెడితే అది క్యాలెండర్ బొమ్మ అవుతుంది. ఈ ఐకాన్ అందం చదునుగా ఉండటంలోనే ఉంది. ఎరుపు ఎరుపే, నీలం నీలమే. మడతను చెప్పాల్సింది నల్లగీత, దాని పక్కనున్న తెల్లచార.

బంగారం, నేపథ్యం

తేజోవలయం, దాని చుట్టూ మిగిలిన ఖాళీ ఇంకా ఉత్త గాజే. వలయానికి బంగారు రేకు, మిగతాదానికి ముదురు నీలం పెడదాం. ఫగరాష్ వైపు కొన్ని ఐకాన్లలో నేపథ్యమంతా బంగారమే ఉంటుంది, మొదటిసారికి అంత వద్దు.

వలయం లోపల గోల్డ్ సైజ్ పల్చగా పూసి, వేలి కణుపు ఆనిస్తే తడి అంటకుండా జిగురు మాత్రం పట్టుకునే దశ వరకు ఆగండి. ఫ్యాను ఆపేయండి, రేకు ఊపిరికే ఎగిరిపోతుంది. రేకును కాగితంతో సహా బోర్లించి దూదితో అదమండి. పగుళ్లొస్తే రెండో ముక్క. రేకు జుట్టు మీదకో రెక్కల మీదకో పోయినా బాధలేదు, అది వాటి వెనకుంటుంది, ముందుకి కనిపించదు. వెనకవైపు ఎంత గందరగోళంగా ఉన్నా ఫర్వాలేదన్నది ఈ పద్ధతి ఇచ్చే పెద్ద ఊరట. మరుసటి రోజు మెత్తటి బ్రష్‌తో విడి రేకు దులిపి, దాని వెనక ఓకర్ పూయండి. చవక రేకు ఇత్తడి కాబట్టి గాలి తగిలితే నల్లబడుతుంది, ఆ పూతే దానికి రక్ష. చివరగా అల్ట్రామరీన్‌లో కొంచెం నలుపు కలిపి నేపథ్యం నింపండి.

అవిసె నూనె, ఆయిల్ కలర్ తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయొద్దు, వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదముంది. విప్పి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచి పారేయండి. టర్పెంటైన్ వాడినంత సేపూ కిటికీలు తెరిచే ఉంచాలి.

ఫ్రేము

రెండు వారాలైనా ఆరనివ్వండి. పాత ఐకాన్లకు దేవదారు జాతి చెక్క ఫ్రేము, వెనక పల్చటి పలక ఉంటాయి. మీరు సాదా చెక్క ఫ్రేము చేయించుకోండి, నగిషీ వద్దు. రంగు పొరకు పలక నేరుగా ఆనకూడదు. చెక్క తేమకు ఉబ్బి ఒత్తితే పొర ఊడొస్తుంది. అంచుల వెంట సన్నటి అట్టముక్కలు పెట్టి రెండు మిల్లీమీటర్ల ఖాళీ వదలమని ఫ్రేములు కట్టేవాడికి చెప్పండి. మామూలు ఫొటోలకు వాళ్లు అలా చేయరు కాబట్టి దగ్గరుండి చూసుకోవడం మంచిది.

ట్రాన్సిల్వేనియా ఇళ్లలో వీటిని గోడకు వరసగా వేలాడదీసి, పైన కుట్టుపని చేసిన తెల్ల తువ్వాలు కప్పుతారు. ఎవరైనా విశ్వాసి ఇంటికి ఇస్తున్నట్టయితే నవంబర్ 8కి అందేలా చూడండి, రొమేనియన్ చర్చిలో మిఖాయేలు, గబ్రియేలు దూతల పండుగ ఆ రోజే. వాళ్లు దాన్ని అలంకారంగా కాక, గురువు చేత ఆశీర్వదింపజేసి ప్రార్థన చోట పెట్టుకుంటారు. ఎక్కడ వేలాడదీసినా ఎండ నేరుగా పడే గోడ, స్నానాల గది అవతలి తడి గోడ పనికిరావు. దుమ్ము పడితే ముందువైపు మాత్రమే పొడి గుడ్డతో తుడవండి, వెనక పలక విప్పొద్దు.